కార్డు వయసు

ఆధార్ కార్డు ప్రకారం ధర్మారావుకు అరవై ఆరేళ్లు. వంశధారకు పెద్ద వరద వచ్చిన ఏడాది అతను తల్లి కడుపులో ఏడో నెల అని ఊళ్లో ముసలమ్మలందరికీ తెలుసు. ఆ లెక్కన నలభై ఐదు. మధ్యలో ఉన్న ఇరవై ఒక్క ఏళ్లనూ రాసింది అతని కూతురు హైమ. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగా, నీలం పెన్నుతో, గడికో అక్షరం చొప్పున, కొట్టివేతల్లేకుండా రాసింది.

ఆ సంగతి బడి వరండాలో కూర్చున్న డాక్టరు రేఖకు తెలియదు. ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు ఏ వయసులో ఎందరికి ఉందో లెక్క తీయడానికి ఒక వైద్య కళాశాల నుంచి వచ్చిన బృందం ఆమెది. పది ఊళ్లు తిరుగుతున్నారు. ఈ ఊరికి నాలుగు రోజులు ఇచ్చారు. డిగ్రీ చదివిన పిల్లలెవరైనా ఉన్నారా అని వాళ్లు అడిగితే గ్రామ సచివాలయం వాళ్లు హైమ పేరు చెప్పారు. ఆ వీధిలో డిగ్రీ దాకా వెళ్లింది ఆమె ఒక్కతే కాబట్టి వెతుక్కునే పని లేకపోయింది. కార్డు చూసి పేరు, వయసు, ఎత్తు ల్యాప్‌టాప్‌లో కొట్టడం హైమ పని. మనిషి గొట్టంలోకి ఊదుతాడు. ఆ వయసు వాడికి ఉండాల్సిన ఊపిరిలో ఇతనికి నూటికి ఎంత మిగిలిందో యంత్రం చెబుతుంది.

మూడో రోజు ధర్మారావు వంతు వచ్చింది. ఇంటి నుంచి బడికి నాలుగు ఇళ్ల దూరం. ఆ దూరానికే మూడుచోట్ల ఆగి, గోడ పట్టుకుని నిలబడి వచ్చాడు.

"ఊదండి, ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా..." అంటోంది డాక్టరు. అతని మెడ నరాలు తాళ్లలా లేచాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. తెర మీద గీత కొంచెం లేచి చతికిలబడింది. యాభై రెండు అని చూపింది యంత్రం.

"ఈ వయసులో ఈ జబ్బు మామూలే తాతా. చుట్ట మానేశావా?"

"మానేసి ఏడేళ్లయినాదమ్మా," అన్నాడు ధర్మారావు వినయంగా.

డాక్టరుకు నలభై మూడో నలభై నాలుగో ఉంటాయి. తన తండ్రిని ఆమె తాతా అంటుంటే హైమ కీబోర్డు మీద నుంచి తల ఎత్తలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర డాక్టరు పట్టిక తీసి చూపించింది. ముప్పై లోపు వాళ్లలో జబ్బున్నవాళ్లు నూటికి ఇద్దరు. నలభై ఐదు లోపు ముగ్గురు. అరవై లోపు ఆరుగురు. అరవై దాటాక ముప్పై ఎనిమిది మంది.

"చూడు హైమా, పుస్తకంలో ఉన్నట్టే ఉంది. వయసు పెరిగేకొద్దీ జబ్బు పెరిగింది. కొండవతల పలుగురాయి పిండి మిల్లు గురించి ఏదో చెప్పారు కానీ, దుమ్ము వల్ల అయితే పనిచేసే వయసులోనే కనబడాలి కదా. అలాంటిదేం లేదు. అదృష్టవంతులు మీ ఊరివాళ్లు." ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "ఒక్కటే నాకు అంతుబట్టట్లేదు. ముప్పై ఐదుకీ యాభైకీ మధ్య మగవాళ్లే తక్కువున్నారేంటి?"

"వలస పోయారు మేడమ్. చెన్నై," అంది హైమ.

అడగడమే ఆలస్యం అన్నట్టు అబద్ధం అంత సులువుగా వచ్చేసింది. డాక్టరు తలూపింది. ఈ జిల్లాల్లో ఆ మాట నమ్మని వాళ్లుండరు.

"రేపటితో ఇక్కడ అయిపోతుంది. అరవై లోపువాళ్లలో బాగా ముదిరిన కేసులుంటే పేర్లు రాయి. ఎక్స్‌రే తీయించి విజయనగరంలో డాక్టర్ల బోర్డు ముందు కూర్చోబెడతారు. తేలితే ఇంటికి ఆక్సిజన్ యంత్రం ఇస్తారు. అరవై దాటినవాళ్లకి ఈ విడతలో లేదు. మన చేతిలో ఏముంది చెప్పు."

హైమ తినకుండానే కంచం కడిగేసింది.

ఆరేళ్ల కిందట ఊళ్లోకి ఒకాయన ఆధార్ నమోదు పెట్టె పట్టుకుని వచ్చాడు. పుట్టిన తేదీ మార్చుకుంటే పింఛను వస్తుందని చెప్పాడు. కావలసిన సర్టిఫికెట్టు తానే తెస్తానన్నాడు, ఫారం మాత్రం ఎవరిది వాళ్లు నింపుకోవాలన్నాడు. ఆ వీధిలో మగవాళ్లు పంట కోతలయ్యాక మిల్లుకు పోయినవాళ్లే. తెల్లరాయి దంచి, పిండి చేసి, బస్తాలకెత్తి, సాయంత్రానికి కనురెప్పలతో సహా తెల్లబడి వచ్చేవాళ్లు. ముక్కుకు తువ్వాలు కట్టుకోవడమే వాళ్లకు తెలిసిన జాగ్రత్త. ముప్పై దాటేసరికి ఒక్కొక్కరే పొలం గట్టు ఎక్కలేక, బస్తా ఎత్తలేక ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్నవాడిని కూలికెవరు పిలుస్తారు? జబ్బుకు పింఛను లేదు, ముసలితనానికి ఉంది. అందుకని ముసలివాళ్లయిపోయారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి హైమ ఎదుట చాప మీద కూర్చున్నారు. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందమ్మా అన్నారు. ఆమె పాత తేదీ పైన, కొత్త తేదీ కింద రాసుకుంటూ పోయింది. నలభై మూడు ఫారాలు. మేలు చేస్తున్నాననే అనుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ధర్మారావు గోడకు బొంతలు ఎత్తుపెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. పడుకుని ఏడాది దాటింది. పద్మకుమారి అంబలి గ్లాసు చేతికి అందించి కూతురి వైపు చూసింది.

"ఏటన్నాదే డాక్టరమ్మ?"

"బాగానే ఉన్నాడన్నాది. అరవై ఆరేళ్లోడికి."

ధర్మారావు నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. "మరింకేటి... పాసయిపోయాను గదా. బళ్లో ఎప్పుడూ... పాసవలేదు నాను."

"నాన్నా, రేపు నీ అసలు వయసు సెప్పేస్తాను."

"సెప్తే?"

"నీ పేరు బోర్డుకెల్తాది. ఇంటికి గాలి మిసను ఇస్తారు. మంచం మీద వీపు ఆనించి పడుకుంటావు నాన్నా. ఒక్క రాత్రయినా."

పద్మకుమారి చేతిలో చెంబు కింద పెట్టింది. "ఎన్నాళ్లకిస్తారు?"

"తెల్దు."

"పింఛను?"

హైమ తండ్రి చేతిలోని గ్లాసు అందుకుంది.

"ఒసే, ఆ పింఛనుతోనే గదే బియ్యం తెస్తన్నాను. ఆ పీల్చే మందూ దాంతోనే గదా. మిసను వచ్చేదాక ఈ మనిసిని దేంతో బతికించమంటావు? నీ పట్టా కాయితం ఉడకెట్టమంటావేటి?"

"అది కాదే," అన్నాడు ధర్మారావు. ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి కూడదీసుకుంటున్నాడు. "నా ఒక్కడిదైతే... సెప్పేద్దును. తీగ లాగితే... డొంకంతా వస్తాది. నలభై మూడిళ్లు. మిల్లు మానేసినాక... ఎవులు పిలిసారే నన్ను కూలికి? నువ్వు రాసిన ముసిలితనమే గదా... కూడెట్టింది. దాని జోలికి పోకు."

తెల్లారేసరికి అతను అలాగే బొంతల మీద ఒరిగి ఉన్నాడు. అంబలి గ్లాసు అందుకోబోయాడు. గోళ్ల మొదళ్లు నేరేడు పండు తిన్నవాడి పెదాల్లా నీలంగా ఉన్నాయి. హైమ ముఖం కూడా సరిగ్గా కడుక్కోకుండా బడికి పరుగెత్తింది.

వరండాలో అప్పుడే, మళ్లీ ఊదడానికి రమ్మన్నవాళ్లు పదిహేను మంది దాకా బెంచీల మీద ఉన్నారు. డాక్టరు లోపలి గదిలో యంత్రం గొట్టాలు మారుస్తోంది.

"మేడమ్, మా నాన్న వయసు తప్పు. అరవై ఆరు కాదు, నలభై ఐదు."

డాక్టరు ఆమె ముఖం చూసింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నిన్నటి పేరు తీసింది. అరవై ఆరు చెరిపి నలభై ఐదు కొట్టింది. ఊపిరి అదే, మనిషి అదే. యాభై రెండు ఉన్నచోట ముప్పై తొమ్మిది వచ్చింది. పసుపు గీత ఎర్రగా మారింది.

"నిన్న ఆయన్ని తాతా అన్నాను," అంది డాక్టరు. "ఎవరు మార్చారు?"

"నేనే."

"మళ్లీ సరిచేయించు."

"పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు మేడమ్. ఆ ఒక్కసారీ మేం వాడేసుకున్నాం."

డాక్టరు రెండు చేతులతో కణతలు నొక్కుకుంది. "ఒక్క పేరు పంపితే ఏమవుతుందో చెప్తాను విను. చుట్ట తాగాడు అంటారు. ఎప్పుడో టీబీ వచ్చి ఉంటుందంటారు. కార్డు చూసి ముసలాయనే కదా అంటారు. కాగితం తిరిగొస్తుంది. అదే వయసు, అదే మిల్లు, పాతికమంది ఇలాగే ఉన్నారని పట్టికలో కనబడితే మాత్రం ఎవరూ నోరెత్తలేరు. ఎక్స్‌రేలు తీయాల్సిందే." ఆగి అడిగింది. "ఎంతమంది ఉన్నారు?"

హైమ కిటికీ వైపు తిరిగింది.

"వలస పోయారన్నావు. వాళ్లేనా?"

"వాళ్లే మేడమ్. ఎక్కడికీ పోలేదు. బయట కూర్చున్నారు."

డాక్టరు కిటికీలోంచి బెంచీల వైపు చూసింది. "మనిషి నోటితో చెప్పిన వయసు రాయడానికి వేరే గడి ఉంది ఇందులో. సులువు కదా అని మనం కార్డులు చూసి నింపేశాం. తప్పు నాదీ ఉంది. ఆ గడి నింపితే చాలు నాకు. కానీ ఒక కాపీ సచివాలయానికి వెళ్తుంది. పింఛన్ల జోలికి రారని నేను మాటివ్వలేను. ఈ సాయంత్రం నాలుగింటికి షీటు పంపేయాలి."

హైమ వరండాలోకి వచ్చింది. ముందు బెంచీలో గంగులు ఉన్నాడు. వరసకు చిన్నాన్న. కార్డులో అరవై ఏడు. అసలు ముప్పై తొమ్మిది. మొన్న ఊదినప్పుడు దగ్గు ఆగకపోతే మళ్లీ రమ్మన్నారు.

"ఏటే గుంటా, లోపల డాక్టరమ్మతో గుసగుసలు? నాకేటైనా సంబంధం సూస్తన్నావేటి? అరవై ఏడేళ్ల పెళ్లికొడుకుని. పళ్లన్నీ ఉన్నాయని సెప్పు."

బెంచీలన్నీ నవ్వాయి. నవ్వు మొదలుపెట్టిన చోటి నుంచే దగ్గు అందుకుంది. ఒకరి నుంచి ఒకరికి పాకి, చివరి బెంచీ దాకా వెళ్లి, మళ్లీ సద్దుమణిగేదాకా హైమ నిలబడే ఉంది. అప్పుడు విషయం చెప్పింది. ఒక్కొక్క మాటే, ఏమీ దాచకుండా, పింఛను పోవచ్చన్న మాటతో సహా.



"సెప్తే పింఛను ఆపరని రాసిస్తాదేటి డాక్టరమ్మ?" అన్నాడు గంగులు.

"రాసివ్వదు సిన్నాన్నా."

"మరి ఏ మొగం పెట్టుకుని అడుగుతన్నావు?"

"నాగబాబు సిన్నాన్న పోయినపుడు కాయితంలో ఏటి రాసారో సూసినావా? వయసు అరవై నాలుగు, ముసిలితనం అని రాసారు. ముప్పై ఆరేళ్లోడు ముసిలితనంతో పోయాడంట. మనూళ్లో మగోళ్లు తొమ్మిదిమంది అలాగే పోయారు. లెక్కలో ఎవులూ జబ్బుతో సావలేదు. అందుకే ఆ మిల్లు ఇంకా ఆడతన్నాది. అందుకే నిన్ను ఎవులూ ఎక్స్‌రేకి పిలవలేదు."

"నా తమ్ముడి ఊసెత్తకు." గంగులు లేచి నిలబడ్డాడు. ఆ కాస్త లేవడానికే రొప్పు వచ్చింది. "ఆ వయసు రాసిందెవులే? నువ్వు కాదేటి? సదువుకున్నావు, నీకు తెలుస్తాదని నీకాడికొచ్చాం. అప్పుడు ఎక్కించినావు. ఇప్పుడు దించుతానంటన్నావు. మా వయసులు నీ పలకమీద కూడికలూ తీసివేతలూ అనుకున్నావేటి?"

 హైమ కళ్లు తుడుచుకుంది.

అప్పుడే బడి గేటు ముందు, వాళ్ల వీధిలో ఉండే చినబాబు ఆటో ఆగింది. పద్మకుమారి చంకల కింద చేయి వేసి ధర్మారావును దింపింది. కూతురు మాట వినదని అతనికి తెలుసు. అందుకే వచ్చాడు. మెట్టు ఎక్కలేక అక్కడే కూలబడి, చేయెత్తి అడ్డంగా ఊపాడు.

"వొద్దు..." అన్నాడు. రెండో మాటకు గాలి చాలలేదు.

గంగులు అతని వైపు చూశాడు, హైమ వైపు చూశాడు. "సూడు. నిన్ను కన్నోడే వొద్దంటన్నాడు. అంత నిజమే సెప్పాలనుంటే ముందు మీ ఇంటి పొయ్యి ఆర్పు. తర్వాత మా ఇళ్లకి రా."

హైమ లోపలికి వెళ్లి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. కిటికీలోంచి తండ్రి కనబడుతున్నాడు. అతని చేయి ఇంకా అడ్డంగా ఊగుతూనే ఉంది, గాలి లేని రోజు జెండాలా, చాలా నెమ్మదిగా. నోటితో చెప్పిన వయసు అన్న గడిలో ధర్మారావు పేరు ఎదురుగా నలభై ఐదు కొట్టింది. తర్వాత గంగులు పేరు తీసింది. ముప్పై తొమ్మిది. ఆ తర్వాతి పేరు. ఆ తర్వాతిది. కాగితం చూడనవసరం లేదు. పైన పాత తేదీ, కింద కొత్త తేదీ, నలభై మూడు జతలూ ఆరేళ్లుగా ఆమెకు కంఠతా ఉన్నాయి. చనిపోయినవాళ్ల పేర్లు ఆ షీటులో లేవు. ఉంటే అవీ కొట్టేది.

డాక్టరు వెనక నుంచి చూస్తోంది. "వాళ్లు చెప్పలేదు కదమ్మా."

"నాకు చెప్పారు మేడమ్. ఆరేళ్ల కిందట, మా ఇంట్లో చాప మీద కూర్చుని."

డాక్టరు గొట్టాలు సర్దుకోసాగింది. బయట బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. గంగులు రెండోసారి ఊదకుండానే వెళ్లిపోయాడు. ముందు ఊదిన అంకెలతోనే నాలుగింటికి పట్టిక మళ్లీ తీశారు. అరవై దాటిన వరసలో జబ్బు సగానికి సగం పడిపోయింది. ముప్పై ఐదు నుంచి యాభై లోపు, మిల్లులో పనిచేసిన మగవాళ్లు ముప్పై ఒక్కమంది. వాళ్లలో ఇరవై ఆరుగురికి జబ్బు. డాక్టరు ఆ అంకె కాగితం మీద రాసుకుని, ఫోను తీసుకుని ఎవరితోనో మాట్లాడటానికి పెరట్లోకి వెళ్లింది.

ఒకటో తారీకున సచివాలయం అమ్మాయి పింఛన్లు పట్టుకుని వీధిలోకి వచ్చింది. ధర్మారావు ఇంటి ముందు ఆగలేదు. గంగులు ఇంటి ముందూ ఆగలేదు. ముప్పై నాలుగు ఇళ్ల పేర్లు పరిశీలనలో ఉన్నాయని చెప్పి తల దించుకుని వెళ్లిపోయింది.

వాళ్లు కేకలేస్తారనీ, తలుపు మీద రాళ్లేస్తారనీ పద్మకుమారి భయపడింది. అదేం జరగలేదు. మర్నాడు పొద్దున్నే గంగులు భార్య ఈశ్వరి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"వదినా, బియ్యం అయిపోయినాయి. ఏటి వండమంటావో మీ గుంటని అడిగి సెప్పు," అంది. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు. జవాబు వచ్చేదాకా కూర్చుంది. పద్మకుమారి లోపలికెళ్లి రెండు గిద్దలు కొలిచి తెచ్చి ఆమె కొంగులో పోసింది. ఆ మర్నాడు ఇంకొకావిడ వచ్చింది. మూడో రోజు ఇద్దరు. అయిదో రోజుకు పద్మకుమారి తలుపు దగ్గరకు వేసుకుని లోపల కూర్చుంది. హైమ విజయనగరంలో ఒక బట్టల కొట్లో పని అడిగి వచ్చింది. వచ్చే నెల చూద్దామన్నారు. ధర్మారావు పీల్చే మందు డబ్బాలో ఇక పదిసార్లకు సరిపడా కూడా లేదు. రోజుకు నాలుగుసార్లు వాడేది రెండుసార్లు చేసింది తల్లి, కూతురికి చెప్పకుండా.

బోర్డు నుంచి కాగితం వచ్చింది. పంతొమ్మిదో తారీకు, పొద్దున తొమ్మిదింటికి, విజయనగరం. ఇరవై ఆరు పేర్లు. మొదటిది ధర్మారావు, వయసు నలభై ఐదు, పక్కన రుజువు తీసుకురావాలి అని ఉంది. మూడోది గంగులు. హైమ కాగితం పట్టుకుని వెళితే గంగులు తలుపు తీయలేదు. లోపల దగ్గు వినబడింది. ఆ కాగితం గుమ్మం కింద నుంచి తోసి వచ్చేసింది. రుజువు కోసం బడికెళితే, పాత అడ్మిషన్ రిజిస్టర్లు పైగదిలో ఉన్నాయి, వర్షానికి కారిన గది, వెతకాలి, వారం తర్వాత రమ్మన్నాడు హెడ్మాస్టరు. ఆమె అక్కడే నిలబడితే, "ఏం చేయమంటావమ్మా, నాకు మాత్రం మనిషి చావు చూడాలని ఉందా," అని విసుక్కుని, మళ్లీ తానే జాలిపడి, తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. రెండు మధ్యాహ్నాలు వెతికింది. ముట్టుకుంటే పొడి అయ్యే కాగితాలు. ఇంకా సగం కట్టలు విప్పాల్సి ఉంది.

ఆ రోజు బడి మెట్టు దగ్గర వొద్దన్న తర్వాత ధర్మారావు కూతురితో మాట్లాడలేదు. మాట్లాడేంత ఊపిరి లేకనో, మాట్లాడకూడదనుకునో హైమకు తెలియడం లేదు. భార్యతో మాత్రం రోజుకు ఒకటి రెండు మాటలు అంటున్నాడు. నీళ్లు. కిటికీ. అంతే. హైమ అంబలి తెస్తే తాగుతాడు. గ్లాసు తిరిగిచ్చేటప్పుడు ముఖం చూడడు.

డాక్టరు ఫోన్లో చెప్పింది. నిమిషానికి ఎన్ని ఊపిర్లు తీస్తున్నాడో రోజూ చూడు. ముప్పై దాటితే బోర్డు కోసం ఆగకు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపో. తీసుకెళితే నాలుగు రోజులుంచి, గాలి పెట్టి, మళ్లీ ఇంటికి పంపేస్తారని ఆమెకూ తెలుసు, హైమకూ తెలుసు. పోయిన నెల అతనికి అదే జరిగింది.

పంతొమ్మిదికి ఇంకా పదకొండు రోజులున్నాయి. మధ్యాహ్నం ఎండ గుమ్మం దాకా వచ్చింది. పద్మకుమారి ఎక్కడో అప్పుగా బియ్యం అడగడానికి వెళ్లింది. హైమ తండ్రికి ఎదురుగా నేల మీద కూర్చుని, ఫోన్లో సెకన్లు పెట్టుకుని, అతని చొక్కా గుండీ వైపు చూస్తూ లెక్కపెట్టింది. గుండీ లేస్తోంది, దిగుతోంది, లేస్తోంది. నిమిషం అయింది. ముప్పై నాలుగు.

తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.